ఫెయిలవడానికి రిహార్సల్

"విత్‌డ్రా చేసుకోండి."

"చేసుకుంటే నీదీ పోతుంది."

ఆదివారం పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ ఈ రెండు మాటలే వంటింటికీ హాలుకూ మధ్య బంతిలా తిరుగుతున్నాయి. బంతి కింద పడటం లేదు, ఆట ముగియడం లేదు. టీ మాత్రం రెండుసార్లు చల్లారింది.

అక్క ఉల్లిపాయలు తరుగుతోంది. ఆ కన్నీళ్ళు ఉల్లిపాయలవో ఆమెవో అడిగే ధైర్యం డాక్టరుకు లేదు. అడక్కుండా ఊరుకునే తెలివీ లేదు.

"ఏడుస్తున్నావా?"

"ఉల్లిపాయలు మీకంటే నయం. ఏడిపిస్తే ఏడిపించాయి, కూరలోకైనా పనికొస్తాయి."

యూనివర్సిటీలో ఆమె అందరికీ అక్కే. ఇంజినీరింగు భవనం నేలమాళిగలో, తలుపు గట్టిగా వేస్తే బొమ్మ అదిరిపోయే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు దగ్గర, తొమ్మిదేళ్ళుగా కాంట్రాక్టు టెక్నీషియను. కుర్రవాళ్ళు వస్తారు, అక్కా అంటారు, పని నేర్చుకుంటారు, డాక్టర్లయి వెళ్ళిపోతారు. ఒక్కడు మాత్రం వెళ్ళకుండా ఉండిపోయి ఆమెను పెళ్ళి చేసుకున్నాడు. అతను ఆ 'అక్కా' అనడం ఏ రోజు మానేశాడో ఇద్దరికీ గుర్తుంది, ఎవరికీ చెప్పరు.

అతనే డాక్టరు. జలుబుకు కూడా మందు తెలియని డాక్టరు. ప్లాస్టిక్కు ఎందుకు పగులుతుందో ఏళ్ళ తరబడి పరిశోధించాడు. సంసారం ఎందుకు పగులుతుందో నిన్నటి నుంచే పరిశోధన మొదలుపెట్టాడు. డాక్టరేటు ఉంది గానీ, డాక్టరుకు రేటు లేదు. ఒక ప్రాజెక్టు అయిపోగానే ఇంకో ప్రాజెక్టులోకి, అద్దె ఇళ్ళు మారినట్టు మారుతుంటాడు.

శనివారం సాయంత్రం యూనివర్సిటీ వాళ్ళు సోమవారం ఇంటర్వ్యూకు పిలిచినవారి పేర్లు నోటీసు బోర్డులో పెట్టారు. మైక్రోస్కోపు గదికి పర్మనెంటు టెక్నికల్ ఆఫీసరు కావాలి. మూడు పేర్లున్నాయి. మొదటిది అక్కది. రెండోది ఆ గది బాధ్యత చూసే ప్రొఫెసరుగారి పాత శిష్యుడిది. మూడో పేరు చదివి అక్క, ఇదెవరో మావారి పేరే పెట్టుకున్నారు అనుకుంది. కింద ఇంటి అడ్రసు కూడా తనదే పెట్టుకున్నాక, ఇక అనుకోవడానికి ఏమీ మిగల్లేదు.

ఆ మంట ఇంకా ఆరలేదు.

ఆరకపోవడానికి కారణం ఉంది. ఆచార్యులున్న చోట ఆచారాలూ ఉంటాయి. ఆ యూనివర్సిటీలో ఒక పోస్టు ఖాళీ అయితే, ఆ ఖాళీలో ఎవరిని కూర్చోబెట్టాలో ముందే అనుకుంటారు. అనుకుని, ఉద్యోగ ప్రకటన ఆ మనిషినే రాసుకోమంటారు. దర్జీ దగ్గర ఒంటి కొలతలిచ్చి చొక్కా కుట్టించుకున్నట్టు. పైకి చూస్తే చొక్కా అందరి కోసం కొక్కేనికి వేలాడుతూ ఉంటుంది. వేసుకోబోతే ఒక్కరికే పడుతుంది.

ప్రొఫెసరు అక్కను గదిలోకి పిలిచి, తలుపు తనే వేసి, పోస్టు మంజూరైందమ్మా, నీకు తప్ప ఇంకెవరికీ పట్టకుండా నువ్వే రాసుకురా అన్నాడు. అక్క ఇంట్లో భోజనాల బల్ల దగ్గర కూర్చుని రాసుకుంది. ఫలానా మోడలు మైక్రోస్కోపు నడిపి ఉండాలి. గాజుపలక చేత్తో విరిచి, ఆ విరుపు అంచునే కత్తిగా వాడటం రావాలి. పంపు లాగుతున్నా యంత్రంలోకి గాలి ఎక్కణ్ణుంచి దూరుతోందో కంపెనీ మనిషిని పిలవకుండా పట్టుకోవాలి. ఈ గదిలోనే శిక్షణ పొంది ఉండాలి. అనుభవం తప్పనిసరి అని రాసింది. రాసినందుకు ఇప్పుడు అనుభవిస్తోంది.

ఎందుకంటే, అచ్చుతప్పులు చూస్తానని ఆ కాగితం తీసుకున్న డాక్టరు చివర ఒక లైను చేర్చాడు. 'పి.హెచ్.డి. ఉన్నవారికి ప్రాధాన్యం.' అదెందుకండీ అని అడిగితే, కాగితం మరీ బోసిగా ఉంది, నిండుగా ఉంటే ఆఫీసువాళ్ళు వెనక్కి పంపరు అన్నాడు. ఆఫీసువాళ్ళకు మొత్తం కాగితంలో ఆ ఒక్క లైనే నచ్చింది.

ప్రాధాన్యంలోనే ధాన్యం ఉంది. ఇంట్లోకి రావాల్సిన ఆ ధాన్యం ఇంకొకరి గోనెలో పడటానికి ఒక్క లైను చాలింది. అక్కకు పి.హెచ్.డి. లేదు. పి.హెచ్.డి.లు చేయించడమే ఉంది.

"పాత శిష్యుడు అప్లై చేశాడని తెలిసింది," అన్నాడు డాక్టరు, నిన్నటి నుంచి చెబుతున్నదే మళ్ళీ. "వాడికీ పి.హెచ్.డి. ఉంది. నేను కూడా పెడితే వాడికి అడ్డు పడినట్టవుతుందని..."

"వాడికి అడ్డు పడాలంటే వాడి ముందు పడాలి. నా ముందు పడ్డారేంటి?"

డాక్టరు చల్లారిన టీ తాగాడు. మాట్లాడకుండా ఉండటానికి టీ ఎంత చల్లగా ఉన్నా పనికొస్తుంది.

పోనీ తప్పుకుంటాడా అంటే, తప్పుకునే దారీ లేదు. ముగ్గురికి తక్కువైతే ఇంటర్వ్యూ జరపకూడదని రూలు. జరగకపోతే ఈ ఏడాది మంజూరు మురిగిపోతుంది, పోస్టు వెనక్కి పోతుంది. మళ్ళీ ఎప్పుడొస్తుందో ఆ ప్రొఫెసరుకే తెలియదు, ఆయన రెండేళ్ళలో రిటైరవుతాడు. డాక్టరు ఉంటే అక్క మీద గెలుస్తాడు. లేకపోతే అక్క ఒక్కతే ఓడిపోతుంది. అర్హత అన్న మాటలో హత ఎందుకుందో ఆ ఇంట్లో అందరికీ అర్థమైంది.

అక్క కత్తి పక్కన పెట్టింది. చేతులు కడుక్కుంది. తుడుచుకుంది. అంత నిదానంగా ఆమె ఏ పని చేసినా దాని వెనక ఇంకో పని ఉంటుందని డాక్టరుకు తెలుసు.

"రేపు రండి," అంది. "వచ్చి కూర్చోండి. ముగ్గురూ ఉన్నట్టు సంతకం పెట్టండి. తరవాత ఫెయిలవ్వండి."

"ఏంటి?"

"ఫెయిలవ్వండి. పాత శిష్యుడి సంగతి నాకు తెలుసు. ఇక్కడున్నన్నాళ్ళూ గాజు విరవమంటే వేలు విరుచుకునేవాడు. వాడు నిలబడడు. మీరూ నిలబడకపోతే ఇంక ప్రాధాన్యం ఇవ్వడానికి ఎవరుంటారు?"

డాక్టరు మొహం పాలిపోయింది. ఉద్యోగం వదులుకోమంటే ఆ మొహం అంతగా పాలిపోయేది కాదేమో. ఒకటో క్లాసు నుంచి ఒకటో ర్యాంకు వదలని మనిషి. చిన్నప్పుడు కుర్చీలాటలో కూడా ఫస్టు వచ్చాడని వాళ్ళమ్మ ఇప్పటికీ చెబుతుంది. ఫెయిలవడం అనేది అతనికి ఎవరికో జరిగే విషయం, పేపర్లో చదివే విషయం.

ఫెయిలవమంటే ఎన్ని మార్కులతో అవ్వాలి అని అడిగాడు.

అక్క మళ్ళీ కత్తి తీసుకుంది. ఉల్లిపాయలన్నీ అప్పటికే అయిపోయాయి.

*

భోజనాలయ్యాక బల్ల తుడిచి ఇంటర్వ్యూకు ముందు 'ఇంటివ్యూ' మొదలుపెట్టారు.

ఒకవైపు అక్క. ఆమె పక్కన అత్తగారు, బఠాణీకాయల గిన్నె ముందు పెట్టుకుని. అత్తగారు స్కూల్లో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైంది. ఇంట్లో ఇంకా రిటైరవలేదు. పొద్దున్నే ఆమె తీర్పు చెప్పేసింది. మొగుడికొచ్చినా పెళ్ళానికొచ్చినా జీతం ఈ గుమ్మంలోంచే కదా లోపలికి రావాలి, మధ్యలో ఈ రాద్ధాంతం ఏంటి అంది. గుమ్మంలోంచి రావడం వేరు, నా చేతికి రావడం వేరు అత్తయ్యా అని అక్క అంటే, హెడ్మిస్ట్రెస్ ఏమీ అనకుండా కాయ ఒలిచింది. ఆమె ఒప్పుకున్నప్పుడు ఏమీ అనదు.

ఎదురుగా డాక్టరు వచ్చి కూర్చున్నాడు. అలవాటు చొప్పున తల దువ్వుకుని, చొక్కా పై గుండీ పెట్టుకుని వచ్చాడు.

"దువ్వుకోకండి," అంది అక్క. "రేపు కూడా."

మొదటి ప్రశ్న తేలికది. మైక్రోస్కోపులో పెట్టే ముక్కను గాజు అంచుతో ఎంత పల్చగా కోస్తారంటే, అది పక్కనున్న నీళ్ళ మీద రంగు మాత్రమే కనిపించేంత తేలిగ్గా తేలుతుంది. వెండి రంగులో ఉంటే సరిగ్గా వచ్చినట్టు. ఊదారంగులో ఉంటే మందం ఎక్కువైనట్టు. ఆ గదిలో అడుగుపెట్టిన ప్రతివాడికీ అక్క మొదటిరోజు నేర్పేది ఇదే.

"ముక్క ఊదారంగులో తేలింది. ఏం చేస్తారు?"

"మందం ఎక్కువైంది. అది పారేసి, కత్తి కోణం సరిచూసుకుని, వెండి రంగు వచ్చేదాకా మళ్ళీ కోస్తాను," అన్నాడు డాక్టరు. అని, మెరిసే కళ్ళతో చూశాడు. అక్క మొహం చూశాక కళ్ళలో మెరుపు తగ్గింది.

"తప్పు చెప్పాలి."

"మర్చిపోయాను. మళ్ళీ అడుగు."

మళ్ళీ అడిగింది. డాక్టరు ఊపిరి పీల్చుకున్నాడు. ఊదారంగు చూడ్డానికి బాగుంటుంది కనుక అలాగే పెట్టేస్తానన్నాడు. అక్క తలూపింది. అత్తగారు కూడా ఒలవడం ఆపి కొడుకు వంక మెచ్చుకోలుగా చూసింది. ఆ మెచ్చుకోలు చూడగానే డాక్టరు లోపలి ఫస్టు ర్యాంకు లేచి కూర్చుంది.

"పెట్టేస్తాను కానీ, అలా పెడితే ఎలక్ట్రాన్లు అవతలికి దాటవు, బొమ్మ నల్లగా వస్తుంది. అందుకని..."

"అందుకని నోరు మూసుకోవాలి," అంది అక్క.

"వాడికి తెలిసిన జవాబు లోపల ఆగితే చిన్నప్పట్నుంచీ కడుపునొప్పి అమ్మాయ్," అంది అత్తగారు. "తొమ్మిదో క్లాసులో పక్కవాణ్ణి అడిగిన ప్రశ్నకి వీడు జవాబు చెప్పి దెబ్బలు తిన్నాడు."

"ఎవరు కొట్టారు?"

"నేనే."

అసలు జవాబులు వద్దు, 'తెలియదండీ' అని ఒక్క మాట నేర్చుకోమంది అక్క. ఆ ఒక్క మాట మీద చాలాసేపు కసరత్తు జరిగింది. 'తెలి' దాకా వచ్చేవాడు. అక్కణ్ణుంచి 'తెలిసినంతవరకు' అని దారి మళ్ళేవాడు. ఒకసారి 'తెలియ' దాకా కూడా వచ్చాడు, ఆ తరవాత గొంతు కీచుమంది. మూడోసారి 'తెలియదండీ' అన్నాడు కానీ, ఎంత స్పష్టంగా, ఎంత ఆత్మవిశ్వాసంతో అన్నాడంటే, వినేవాడు ఇతనికి తప్పకుండా తెలుసు అనుకుంటాడు.

అక్క రెండు చేతులతో తల పట్టుకుంది. గాలి ఎక్కడ దూరుతోందో కనిపెట్టలేని యంత్రం ముందు కూర్చున్నప్పుడు కూడా ఆమె ఇంత విసిగిపోలేదు. యంత్రం కనీసం ఎర్రదీపం వెలిగిస్తుంది.

"మీకు ఎవరైనా తెలివితక్కువవాళ్ళు గుర్తొస్తే వాళ్ళలా చెప్పండి," అంది చివరికి.

"నాకు తెలిసినవాళ్ళందరూ తెలివైనవాళ్ళే," అన్నాడు డాక్టరు.

"నా ఖర్మకి నేనూ ఉన్నానుగా ఆ జాబితాలో. ప్రకటన మీ చేతికిచ్చింది నేనేగా."

డాక్టరు నవ్వబోయి మానుకున్నాడు.

అప్పుడు అత్తగారు చేతులు దులుపుకుంది. ఎంతోమంది టీచర్లను ఇంటర్వ్యూ చేసిన మనిషి. ఇలా కాదమ్మాయ్, నువ్వు పని గురించి అడుగుతున్నావు, పని వాడికొచ్చు, మనసు గురించి అడిగితే వాడు తడబడతాడు అంది. కొడుకు వైపు తిరిగి, బడి గొంతు తెచ్చుకుని అడిగింది.

"ఈ ఉద్యోగం మీకెందుకు కావాలి?"

"పై నెల నుంచి నాకు పని లేదు కనుక."

జవాబు అంత వేగంగా వచ్చింది. ఒకటో క్లాసు నుంచి వచ్చినట్టే వచ్చింది. వచ్చాక, దాన్ని వెనక్కి తీసుకోవాలని డాక్టరు పెదవులు కదిపాడు కానీ, అప్పటికే అది బల్ల దాటింది.

గిన్నెలోంచి ఒక బఠాణీ గింజ దొర్లి, బల్ల అంచు దాకా వెళ్ళి కింద పడింది. ముగ్గురూ దాన్నే చూశారు.

అక్క వృత్తి రోజూ యంత్రంలోంచి గాలి తీసేసి శూన్యం తయారుచేయడం. ఆ గదిలో పంపులు గంటలకొద్దీ గురగురలాడితే గానీ రాని శూన్యం, ఇంట్లో ఒక్క జవాబుతో వచ్చేసింది.

తరవాత ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ప్రాజెక్టుకు పొడిగింపు రాలేదు. ప్రొఫెసరు కిందటి నెలలోనే పిలిచి చెప్పాడు. బయట వేరే యూనివర్సిటీల ప్రకటనలు చూశాడు, అన్నిటికీ వయసు దాటిపోయింది. అందరికీ కుర్రవాళ్ళు కావాలి, లేకపోతే ముసలి ప్రొఫెసర్లు కావాలి, మధ్యవాళ్ళకు మధ్యలో చోటు లేదు.

"నాకు చెప్పలేదేం?"

"నీ పోస్టు తేలాక చెబుదామనుకున్నాను."

"అందుకని ముందు నన్ను ముంచేద్దామనుకున్నారు."

డాక్టరు చొక్కా పై గుండీ విప్పుకున్నాడు.

"అయితే మీకు ఫెయిలవడం చేతకాక కాదు," అంది అక్క. గొంతు పెంచలేదు. "పొద్దుట్నుంచీ నేను పిచ్చిదానిలా నేర్పుతున్నాను. మీకు ఫెయిలవడం ఇష్టం లేదు. అవునా?"

డాక్టరు బల్ల వంక చూస్తూ కూర్చున్నాడు. తెలిసిన జవాబు చెప్పకుండా ఉండటం పుట్టిన తరవాత అతనికి అదే మొదటిసారి. ఆ పూట రిహార్సల్‌లో ఫలించింది అదొక్కటే.

అక్క లేచి గదిలోకి వెళ్ళింది. తలుపు వేసుకుంది. మైక్రోస్కోపు గది తలుపు వేసినట్టే వేసింది, చప్పుడు లేకుండా.

అత్తగారు వంగి, నేల మీది బఠాణీ గింజ తీసి, కడగాలని విడిగా పెట్టింది. గిన్నె పక్కకు జరిపింది.

"ఒరేయ్," అంది. "రేపు ఫెయిలై రా."

"అమ్మా, నువ్వేనా..."

"నేనే. పొద్దున్న ఎవరికొచ్చినా ఒకటే అన్నాను చూడు, అప్పుడు నీకు పని ఉందనుకున్నాను. లేదని తెలిశాక అర్థమైంది. నువ్వు ఆ ఉద్యోగం లాక్కుంటే, నీకు పని లేదన్న సంగతి దానికి చెప్పే పని కూడా ఉండేది కాదు నీకు. దాని తొమ్మిదేళ్ళు దానివిరా. నీకు నేను ఫస్టు రావడమొక్కటే నేర్పాను. అది నా తప్పు. మిగతాది నువ్వు నేర్చుకో."

డాక్టరు ఆ రాత్రి అన్నం తిన్నాడో లేదో ఎవరూ చూడలేదు. బఠాణీల కూర మాత్రం బాగా కుదిరిందని అత్తగారు తనకు తనే చెప్పుకుంది.

*

సోమవారం ఇద్దరూ ఒకే బస్సెక్కారు. పక్కపక్కనే కూర్చున్నారు. ఇద్దరి ఒళ్ళోనూ ఒకే రంగు ఫైళ్ళు, ఒకే దుకాణంలో ఒకేసారి కొన్నవి. చూసేవాళ్ళకు అన్యోన్యంగా కనిపించి ఉంటారు.

యూనివర్సిటీ గేటు దగ్గర దిగేముందు డాక్టరు అడిగాడు.

"ఏం చెయ్యమంటావు?"

"మీ ఇష్టం."

భార్యలు వాడే మాటల్లో అంత బరువైనది ఇంకోటి లేదు. అందులో ఇష్టమూ ఉండదు, మీదీ ఉండదు. డాక్టరు ఆ బరువు మోసుకుంటూ మెట్లెక్కాడు. తల దువ్వుకోలేదని అక్క అప్పుడు గమనించింది. గమనించనట్టు ముందుకు నడిచింది.

ఇంటర్వ్యూ పైఅంతస్తులో, మీటింగులు జరిగే గదిలో. బయట వరండాలో కుర్చీలు. ముందు పాత శిష్యుణ్ణి పిలిచారు. కొత్త బూట్లు టకటకలాడించుకుంటూ వెళ్ళాడు. కాసేపటికి వేలికి రుమాలు చుట్టుకుని వచ్చాడు. గాజు విరిచి చూపించమన్నారట. అక్కా, ఆ పలకలు నువ్వే పెట్టావా అని నిష్ఠూరంగా అడిగాడు. పలకలు ఎప్పుడూ నేనే పెడతాను నాయనా, వేళ్ళు మాత్రం ఎవరివి వాళ్ళు తెచ్చుకోవాలి అంది అక్క.

తరవాత డాక్టరును పిలిచారు.

తలుపు పడ్డాక అక్కకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. లోపలి నుంచి మాటలు వినబడటం లేదు, గొంతులు మాత్రం వస్తున్నాయి. ఒక ఆడగొంతు అడుగుతోంది. మధ్యలో చిన్న నిశ్శబ్దం. మళ్ళీ అడుగుతోంది. మళ్ళీ నిశ్శబ్దం. అతని గొంతు పొడవుగా రావడం లేదు, పొట్టిగా వస్తోంది. అతనితో ఇన్నేళ్ళు కాపురం చేసింది, అతని జవాబు అంత పొట్టిగా ఎప్పుడూ వినలేదు. అతను ఫెయిలవుతున్నాడు. నిజంగానే అవుతున్నాడు. ఆమె కోరుకున్నది అదే. అయినా కుర్చీలోంచి లేచి నిలబడింది. పై నెల నుంచి పని లేని మనిషి, ఉన్న ఒక్క పనీ తన చేత్తో పారబోసుకుంటున్నాడు. తలుపు తోసుకుని వెళ్ళి, ఆయనకు అన్నీ వచ్చండీ అని చెప్పాలనిపించింది. చెప్పలేదు. ఆ చెప్పకపోవడం ఆమెకు చాలాకాలం గుర్తుండిపోతుంది.

డాక్టరు బయటికొచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"అయ్యాను," అన్నాడు గుసగుసగా. "ఫెయిలయ్యాను."

ఊదారంగు ముక్క బాగుంటుందన్నాడట. గాలి దూరుతుంటే కంపెనీవాళ్ళకు ఫోను చేస్తానన్నాడట. గాజు పలక ఇస్తే, ఇది దేనికండీ అని అడిగాడట. 'తెలియదండీ' అని మూడుసార్లు అన్నాడట, మూడోసారి చాలా సహజంగా వచ్చిందట. మెడల్ వచ్చినప్పుడు కూడా ఇంత సంబరంగా చెప్పలేదు.

అక్క అతని కాలరు సరిచేసింది. కళ్ళు మండాయి. ఈసారి ఉల్లిపాయలు లేవు.

"అన్నీ తప్పే చెప్పారా?"

"అన్నీ." అని ఆగాడు. "ఒక్కటి తప్ప."

కాలరు మీద చెయ్యి ఆగిపోయింది.

"బయటి యూనివర్సిటీ నుంచి ఒకావిడ వచ్చారు," అన్నాడు. "ప్రకటన చేత్తో పట్టుకుని కూర్చున్నారు. చివర్లో అడిగారు. ఇందులో ఉన్నవేవీ మీకు రావు, ఇందాక వచ్చినాయనకూ రావు, గాజు విరవడం దాకా ఇంత వివరంగా ఈ ప్రకటన ఎవరు రాశారు అన్నారు. అది... అది మనం రిహార్సల్ చెయ్యలేదు."

"ఏం చెప్పారు?"

"మా ఆవిడ అన్నాను."

అక్క కాలరు మీంచి చెయ్యి తీసేసింది. ఫెయిలవడంలో కూడా ఈ మనిషి నూటికి నూరు తెచ్చుకోలేకపోయాడు.

అటెండరు తలుపు తీసి ఆమెను రమ్మన్నాడు.

గదిలో పొడుగు బల్ల. అవతల ముగ్గురు. ఆఫీసు తరఫున వచ్చిన అధికారి ఒక చివర, పెన్ను మూత తీసి సిద్ధంగా ఉన్నాడు. మధ్యలో ఆ బయటి నిపుణురాలు, నెరిసిన జుట్టు, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు. రెండో చివర ప్రొఫెసరు. ఆయన కిటికీలోంచి చెట్ల వంక చూస్తున్నాడు. ఇన్నేళ్ళలో ఆయన ఆ చెట్లను అంత శ్రద్ధగా చూడటం అక్క చూడలేదు.

కూర్చోమన్నారు. కూర్చుంది.

"పని గురించి మిమ్మల్ని అడగాల్సిన అవసరం లేదనుకుంటాను," అంది నిపుణురాలు. ఆ గొంతులో వెటకారం లేదు, అలసట ఉంది. "నేను ఇలాంటి ఇంటర్వ్యూలకు చాలాచోట్లకు వెళుతుంటాను. ఈ ప్రకటన మీరు రాశారా?"

కాదనవచ్చు. కాదంటే బయట కుర్చీలో కూర్చున్న మనిషి అబద్ధాలకోరవుతాడు. ఈ భవనంలో మళ్ళీ ఏ తలుపూ అతనికి తెరుచుకోదు. ఔనంటే తన తలుపే మూసుకుపోతుంది. రెండు తలుపులూ ఒకే ఇంటివి.

"రాశానండీ," అంది అక్క. "పి.హెచ్.డి. లైను తప్ప అంతా నేనే రాశాను. ఆ లైను మావారిది. నాకొస్తుందని రాయలేదండీ, నాకొచ్చిందే రాశాను."

ఆఫీసు అధికారి పెన్ను కాగితం మీద ఆగింది. ఇది రాయాలా వద్దా అన్నట్టు పక్కకు చూశాడు.

"మీ ప్రకటన మీరే రాసుకోమని మీకెవరు చెప్పారు?"

కిటికీ అవతల చెట్లు కదలడం లేదు. ప్రొఫెసరు చూపు అక్కణ్ణుంచి ఇటు మళ్ళింది. ఆయన దగ్గు తెచ్చుకున్నాడు. తన ముందున్న మంచినీళ్ళ గ్లాసు మీది మూత తీశాడు. ఏటా ఆమె కాంట్రాక్టు మీద సంతకం పెట్టే చెయ్యి, ఆ గ్లాసును బల్ల మీద మెల్లగా ఆమె వైపు జరిపింది.

"కంగారు పడకమ్మా," అన్నాడు. "ముందు కాసిని మంచినీళ్ళు తాగు."

తొమ్మిదేళ్ళలో ఆయన ఆమెకు నీళ్ళివ్వడం అదే మొదలు. తాగితే వచ్చే ఏడాది కూడా ఆ సంతకం పడుతుంది. నేలమాళిగ గది, పంపుల గురగుర, అక్కా అనే పిలుపులు, అన్నీ ఎప్పటిలాగే ఉంటాయి. తను రాసుకున్నది తన దురాశేనని ఒప్పుకుంటే చాలు.

అక్క గ్లాసు చేతిలోకి తీసుకుంది. పెదవుల దాకా తీసుకెళ్ళలేదు. లేచి, బల్ల మీద ఒలక్కుండా, తిరిగి ఆయన ముందే పెట్టింది.

"మీరే తాగండి సార్," అంది. "తరవాతి ప్రశ్న మీకే వస్తుంది."